రెండు మంచాల గది

అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు మా గురువు శఠగోపాచార్యుల వారికి ఉండేది కాదు. ప్రశ్న వినగానే ఉత్తరీయం భుజాన వేసుకుని లేచి, అడిగినవాణ్ణి ఎక్కడికో నడిపించేవారు. లేదా సంబంధం లేని ప్రశ్న ఒకటి తిరిగి వేసి ఊరుకునేవారు. అర్థమైనవాడికి అర్థమయ్యేది, కానివాడు ఇంటికి పోయి తల గోక్కునేవాడు. ఆయన దగ్గర పదకొండేళ్లు గీత చదువుకున్న నాకు ఆ పద్ధతి మహా గొప్పగా అనిపించేది. కిందటి ఎండాకాలం దాకా అనిపించేది.

మాది బొగ్గు గనుల ఊరు. ఇక్కడి ఎండ గురించి బయటివాళ్లకు చెబితే కోతలు కోస్తున్నామంటారు. ఆ మే నెలలో వడగాలికి కాకులు రాలిపడ్డాయి, నా కళ్లతో చూశాను. సరిగ్గా అప్పుడే భూపతిరావు ఇంట్లో ఏసీ చెడిపోయింది.

భూపతిరావు నా తోటి శిష్యుడు, గనుల ఆఫీసులో చేసి రిటైరైనవాడు. మంచివాడు. వెటకారానికి అనడం లేదు, నిజంగానే మంచివాడు. ఏటా ఉగాది వెళ్లగానే ఇంటి ముందు పందిరి వేసి చలివేంద్రం పెట్టేవాడు. మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేసి, దారిన పోయేవాళ్లకు తన చేత్తోనే పోసేవాడు. అతని తల్లి ఆండాళమ్మకు తొంభై రెండేళ్లు, మంచం పట్టిన మనిషి. వెనక గదిలో ఏసీ ఆవిడ కోసమే పెట్టించాడు. అది ఆగిన మూడో రోజుకు ఆవిడ ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. తడి దుప్పట్లు కిటికీలకు కడితే కట్టినంతసేపట్లో ఆరిపోతున్నాయి. ఆస్పత్రిలో మంచాలు లేవు, తెస్తే వరండాలో పడుకోబెడతామన్నారు. మెకానిక్కు ఫోన్ చేస్తే రేపు, రేపు అంటున్నాడు.

సంగతి తెలిసి గురువుగారూ నేనూ పొద్దున పదింటికి వెళ్లాం. పందిరి కింద మజ్జిగ కుండ దగ్గర నిలబడి భూపతిరావు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“గురువుగారూ, నేను చీమకైనా అపకారం చేసి ఎరగను. మా అమ్మకెందుకీ నరకం? ఎవరి ఉసురు తగిలింది నాకు?”

“దాహంగా ఉంది,” అన్నారు గురువుగారు. భూపతిరావు మజ్జిగ ముంచబోతే చేయి అడ్డం పెట్టి, ఇంటి పక్క సందులోకి దారి తీశారు. మేమిద్దరం వెనకాలే నడిచాం.

ఆ సందు వెడల్పు మూడడుగులు ఉంటుందేమో. ఒకవైపు ఆండాళమ్మ గది గోడ, దానికి బిగించిన ఏసీ బయటి డబ్బా. దానికి సరిగ్గా ఎదురుగా ఒక రేకుల ఇంటి కిటికీ, ఆ కిటికీ దగ్గరే మంచం, మంచం మీద మొగిలి. ముప్పై ఏళ్లు గనిలోకి దిగి బొగ్గు తవ్విన మనిషి. ఇప్పుడు ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుని, రెండు మాటలు అంటే మూడోదానికి దమ్ము చాలదు.

గురువుగారు గడప దగ్గర కూర్చుని మంచినీళ్లు అడిగారు. మొగిలి భార్య సాయమ్మ స్టీలు చెంబుతో తెచ్చింది. మడి కట్టే ఇంట పుట్టిన మనిషి, ఆ నీళ్లు గటగటా తాగేశారు. చెంబు మీద ఆండాళమ్మ అని పేరు చెక్కి ఉంది.

“గా చెంబు సారు ఇచ్చిందే,” అంది సాయమ్మ. “మీ మిషన్ వేడి గాలి మా కిటికీలకు కొడుతాందని చెప్పుదామని ఉగాది ఎల్లంగనే వచ్చిన. నోరు తెరవకముందే సారు చెంబు నిండ సల్ల పోసిచ్చిండు. ఆయిన పోసిన సల్ల తాగినంక ఇగ ఏం చెప్తం? ఇంటికొచ్చి కిటికీకి చెక్క కొట్టుకున్నం.”

తర్వాత ఆమె భూపతిరావు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

“మా ముసలాయనకు దమ్ము ఆడుతలేదని ఎవరు చెప్పిన్రో ఏమో, మూడు దినాల సంది మిషన్ బంద్ పెట్టిన్రు. మీ అమ్మ గూడ మా కోసం ఉడుకల పండుకున్నది. ఎవరు చేస్తరు సారూ గిట్ల? మీ కడుపు సల్లగుండ.”

మొగిలి కూడా దిండు మీద నుంచే చేయెత్తి దండం పెట్టాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది.

భూపతిరావు ఏదో అనబోయాడు. అంతలో గోడ అవతలి నుంచి అతని భార్య కేక వినపడింది, “ఏమండీ, మెకానిక్ వచ్చాడు, తొందరగా రండి!” అతను సాయమ్మ వైపు చూడకుండా ఇంటికి నడిచాడు. మేమూ వెనకాలే వెళ్లాం.

లోపల ఏదో కాలిపోయిందన్నాడు మెకానిక్. గంటలో మార్చాడు. బయటి డబ్బాను డాబా మీదికి ఎక్కించమని భూపతిరావు అతన్ని బతిమాలాడు. ఆ మాట మాత్రం చెప్పి తీరాలి.

“పైపు పొడుగు కావాలె సార్. ఊరంతా ఫోన్లే ఇప్పుడు. వారం పడ్తది,” అన్నాడు మెకానిక్.

మంచం మీద తల్లి ఎగపోస్తోంది. భూపతిరావు కళ్లు మూసుకుని స్విచ్ నొక్కాడు. అరగంటకు గది చల్లబడింది, ఆండాళమ్మ కళ్లు తెరిచి నీళ్లు అడిగింది, అమ్మయ్య అనుకున్నాం అందరం. సందులో కిటికీకి చెక్క బిగిస్తున్న చప్పుడు కూడా వినపడింది.

గురువుగారు గది నాలుగు వైపులా చూశారు. “భూపతీ, ఈ గదిలో మంచాలెన్ని పడతాయి?” అన్నారు.

“రెండు పడతాయి గురువుగారూ. మీకు పక్క వేయించమంటారా?”

నేను దిండు తేవడానికి లేచాను కూడా! పెద్దాయన ఎండలో తిరిగి అలిసిపోయారనే అనుకున్నాను, నా బుద్ధికి అంతకన్నా తోచలేదు. గురువుగారు మా ఇద్దరి మొహాలూ చూశారు. ఎప్పటిలాగే ఏమీ అనకుండా ఉత్తరీయం దులుపుకుని బయటికి నడిచారు.

ఏసీ మళ్లీ వేసిన ఆరో రోజు మధ్యాహ్నం మొగిలి పోయాడు. ఏడో రోజు మెకానిక్ పైపు తెచ్చి డబ్బాను డాబా మీదికి ఎక్కించాడు.

పెద్దకర్మ అయ్యాక సాయమ్మ ఆ చెంబును తళతళా తోమి తెచ్చి చలివేంద్రం దగ్గర ఇచ్చేసిందట. “ఆ మూడు దినాలన్న మంచిగ ఊపిరి పీల్చుకున్నడు సారూ, మీ పుణ్యమాని,” అందట. మిషన్ తాను ఆపలేదనీ, అదే చెడిపోయిందనీ చెప్పడానికి భూపతిరావుకు నోరు రాలేదు. ఆ సాయంత్రమే చెంబు పట్టుకుని గురువుగారి ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

“మీరే చెప్పండి గురువుగారూ,” అన్నాడు. “అమ్మ ప్రాణం పోతుంటే స్విచ్ వేయకుండా ఎలా ఉంటాను? ఇటు అమ్మ, అటు అతను. ఎవరో ఒక్కరే కదా దక్కేది? ఇంకో దారి ఏముంది?”

గురువుగారు లేస్తారని నేను చెప్పుల కోసం చూశాను. ఆయన లేవలేదు. ఉత్తరీయం చిలక్కొయ్యకే ఉంది. ఆయన దగ్గర చేరాక, అడిగిన చోటే జవాబు చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

“ఆ గదిలో రెండు మంచాలు పడతాయని నువ్వు చెప్పావు,” అన్నారు.

చెంబు వైపు చూస్తూ మళ్లీ అన్నారు, “విని ఊరుకున్నాను నేను.”