వెనక్కి కట్టుకున్న చేతులు

వీణలు చేసే నరసింగాచారి గారికి ఒక అలవాటుండేది. శిష్యుడు పనిలో కూర్చుంటే తాను వెనక నిలబడి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకునేవారు. ఎంత తప్పు జరుగుతున్నా ఆ చేతులు ముందుకు వచ్చేవి కావు. "మన పని ముట్టుకోవడం గురువుగారికి నామోషీ" అని శిష్యులు చాటున నవ్వుకునేవారు. అలా నవ్వినవాళ్ళలో సోమలింగం ఒకడు.

ఆ సోమలింగమే తర్వాత పొరుగూళ్ళో కొట్టు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. చూపు మందగించే వయసులో ఒక ఉదయం, తన దగ్గర పనిచేసే గవరయ్యను వెంటబెట్టుకుని గురువుగారింటికి వచ్చాడు. అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, అతనికి వినబడేటట్టే అడిగాడు.

"కొట్టు వీడి చేతిలో పెడదామనుకున్నానండి. పెళ్ళాం బిడ్డలు గలవాడు, ఇన్నేళ్ళుగా నన్నే నమ్ముకున్నాడు. మెట్లు కట్టడం ఈనాటికీ రాలేదు. 'సరిగ్గా ఉందా' అంటే 'మీరు చూడాలి కదండీ' అంటాడు. దేవుడు వీడికి చెవులిచ్చాడో, చొక్కా తగిలించుకునే కొయ్యలిచ్చాడో! సాయంత్రం వీడు వెళ్ళాక నేనే కూర్చుని సరిచేస్తాను. అందుకే మా కొట్టు నుంచి అపశ్రుతి పలికే వీణ ఒక్కటీ బయటికి పోలేదు. వీణ్ణి ఉంచుకోమంటారా, పంపేయమంటారా?"

వీణ సంగతి ఎరగనివారికి ఇక్కడొక మాట చెప్పాలి. మెట్లంటే తీగ కింద అడ్డంగా ఉండే లోహపు కమ్ములు. వాటిని మైనంలో కూర్చుతారు. మైనం వెచ్చగా ఉన్నంతసేపే మెట్టు జరుగుతుంది. మెట్టు పెట్టాలి, తీగ మీటాలి, చెవి ఎటు జరపమంటే అటు జరపాలి. ఇందులో చివరి మాట చెవిదే.

"నీ పని చూసి చాలా కాలమైంది. ఇలా కూర్చో," అని గురువుగారు సగం తయారైన వీణను ముందుకు జరిపారు.

సోమలింగం హుషారుగా కూర్చున్నాడు. మెట్టు పెట్టి మీటబోతుండగా వెనక నుంచి గురువుగారి చెయ్యి వచ్చి దాన్ని వెంట్రుకంత జరిపింది. తర్వాతి మెట్టుకూ అంతే. ఆ తర్వాతిదానికీ అంతే.

"నన్ను మీటనివ్వండి గురువుగారూ!"

"ఎందుకూ? సరిచేశాను కదా. పైది కట్టు."

సోమలింగం మొహం ఎర్రబడింది. మరికొన్ని మెట్లయ్యాక ఆ కోపమూ పోయింది, మీటడమూ పోయింది. మెట్టు పెట్టడం, చెయ్యి తీసేయడం.

ఒక మెట్టు దగ్గర ఆ చెయ్యి రాలేదు. సోమలింగం కాసేపు ఆగి వెనక్కి తిరిగాడు. గురువుగారు గుమ్మం దగ్గర మజ్జిగ తాగుతున్నారు.

"అది సరిగ్గా ఉందా, లింగం?"

"మీరు చూడాలి కదండీ," అన్నాడు సోమలింగం.

అనేశాక గాని ఆ మాట ఎవరిదో అతనికి తట్టలేదు. అరుగు వైపు చూశాడు. తన యజమాని తలదించుకోవడం చూడకూడదని, గవరయ్య అప్పటికే మొహం వీధి వైపు తిప్పేసుకున్నాడు. గురువుగారు చేసినదానికన్నా ఆ మర్యాదకే సోమలింగం ఎక్కువ కుంచించుకుపోయాడు. ఇందాక అదే అరుగుకు వినబడేటట్టు తానన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

మెల్లగా లేచాడు. "గవరయ్యా, లోపలికి రా. ఇక్కడ కూర్చో," అన్నాడు.

గవరయ్య బెరుగ్గా కూర్చుని మెట్టు పెట్టాడు, తీగ మీటాడు. శ్రుతి తప్పింది. సోమలింగం చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. సగంలో పట్టి, వీపు వెనక్కి లాక్కున్నాడు. మైనం చల్లారిపోతోంది. గవరయ్య తల వంచి మళ్ళీ మీటాడు, జరిపాడు, మళ్ళీ మీటాడు. వెనక నిలబడ్డ సోమలింగం నుదుట చెమట పట్టింది.

గురువుగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"ఆ రోజుల్లో నాకు మాత్రం తేలికనుకున్నావా, లింగం?"