దస్తగిరి చెప్పని జబ్బు

నా రెండు కళ్ళతోడు సుగుణా, ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పించింది కాదు. అబద్ధమైతే ఈ పూటే నా పళ్ళన్నీ ఊడిపోవాలి. ఎన్ని మిగిలున్నాయని మాత్రం అడక్కు.

ఎర్రగుట్ట మీద సత్తార్ బాబా ఉండేవారు. జబ్బుపడ్డవాళ్ళకు గిన్నెలో నీళ్ళమీద మంత్రం ఊది ఇచ్చేవారు. శుక్రవారం వచ్చిందంటే ఆ నీళ్ళ కోసం నిలబడ్డ వరస గుట్ట దిగి, ఏరు దాటి, పక్క జిల్లాలోకి పోయేది. అక్కడొక కట్టడి ఉంది. వచ్చినవాళ్ళు తమ జబ్బేమిటో గడప దగ్గర నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే గిన్నె లోపలికి పోదు.

ఆ గడప దగ్గర కూర్చునేవాడు శిష్యుడు దస్తగిరి. వాడు గదమాయిస్తే గుట్ట మీది బండలు కూడా తమ నొప్పులు చెప్పేసుకునేవి. మూలశంక ఉందని చెప్పడానికి సిగ్గుపడి నీళ్ళు నమిలిన ఒక ఆసామిని, కారులో వచ్చినవాణ్ణి, "బాబా దగ్గర దాపరికమా? దిగు గుట్ట!" అని తిప్పి పంపేశాడు. కట్టడి విషయంలో బాబా కన్నా తానే గట్టివాణ్ణని వాడికి లోలోపల గర్వం.

అలాంటి దస్తగిరికి ఆరోగ్య బీమా అవసరం పడింది. అంతకు ముందు వానాకాలం కాలి పుండు ముదిరి ఆసుపత్రి పాలయ్యాడు. భార్య హసీనా కుట్టుమిషను అమ్మి ఆ కాలు నిలబెట్టింది. మళ్ళీ మంచమెక్కితే అమ్మడానికి ఆ ఇంట్లో ఇంకేమీ లేదు.

హసీనా తమ్ముడు మహబూబ్ బీమా ఏజెంటు. గుట్టెక్కి వచ్చి చెవిలో చెప్పాడు.

"బావా, కంపెనీ డాక్టరమ్మ ఫోన్ చేసి, జబ్బులేమైనా ఉన్నాయా అంటుంది. షుగరుందన్నావో, ప్రీమియం పెంచుతారు. పైగా షుగరు వల్ల వచ్చేవాటికి కొన్నేళ్ళదాకా పైసా ఇవ్వరు."

"పుండు మానింది కదా. ఇంక షుగరు ఊసు వాళ్ళకెందుకు?" అన్నాడు దస్తగిరి.

ఫోన్ వచ్చింది. గడప దగ్గరే కూర్చుని, గొంతు బాగా తగ్గించి, "ఏ జబ్బూ లేదు మేడమ్, రాయిలా ఉన్నా" అన్నాడు.

లోపల జపమాల తిప్పుతున్న బాబా వేళ్ళు ఆగాయి.

పాలసీ వచ్చాక, శుక్రవారం నాడు దస్తగిరి గిన్నె నిండా నీళ్ళు తెచ్చాడు. "బాబా, ఈ పాలసీ మా హసీనాకు అండగా ఉండాలని ఊదండి."

బాబా లేచారు. అప్పటికే ఆయనకు నూటయాభై ఏళ్ళయినా ఉంటాయి. గోడ పట్టుకుని నడిచివచ్చి, దస్తగిరి రోజూ కూర్చునే చోట కూర్చున్నారు.

"ఏం జబ్బు?" అన్నారు.

దస్తగిరి నవ్వబోయాడు. "నేను బాబా, దస్తగిరిని."

"పేరడగలేదు. ఏం జబ్బు?"

"చెప్పు నాయనా, మేమంతా చెప్పుకున్నవాళ్ళమే" అంది వరసలోంచి ఒక ముసలామె. అది జాలో ఎత్తిపొడుపో వాడికి తెలియలేదు.

చేతిలో గిన్నె బరువెక్కింది. దాచిన షుగరు బయటపడి కంపెనీ పైసా ఇవ్వనంటే, ఆసుపత్రి వరండాలో ఖాళీ చేతులతో నిలబడే హసీనా వాడి కళ్ళకు కట్టింది. ఈసారి అమ్మడానికి పక్కన కుట్టుమిషను కూడా లేదు.

"షుగరు, బాబా," అన్నాడు చివరికి. "చాలా ఏళ్ళ నుంచి."

గిన్నె ముందుకు చాపాడు. బాబా ఊదలేదు. వాడి చొక్కా జేబులోంచి ఫోన్ తీసి వాడి చేతిలోనే పెట్టారు.

"నాకు కాదు," అన్నారు.

దస్తగిరి అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. డాక్టరమ్మ చెప్పినదానికల్లా, పెరిగే ప్రీమియానికీ, ఆగాల్సిన ఏళ్ళకీ, "సరే మేడమ్" అన్నాడు. తరువాత గిన్నె పట్టుకుని వెళ్ళి, వరసలో అందరికన్నా చివర నిలబడ్డాడు.

ఇక లే సుగుణా. మీ ఆయన గుండెకు స్టెంటు వేయించుకున్న సంగతి, మొన్న తీసుకున్న పాలసీవాళ్ళకు చెప్పాడో లేదో నాకు తెలియదు. పెరట్లోనే ఉన్నాడు. వెళ్ళి అడిగి రా.