వెన్ను మీది నల్లచార

కొండల వరుసకు అవతల, చెట్టన్నది లేని గడ్డిబయలు ఒకటి ఉంది. అక్కడ ఏడాదిలో సగం మంచు, సగం ధూళి. ఆ బయలులో జీను ఎరుగని, కళ్లెం ఎరుగని గుర్రాల మంద తిరుగుతుండేది. మనం బండ్లకూ ఊరేగింపులకూ కట్టే నిగనిగలాడే గుర్రాల వంటివి కావవి. పొట్టి కాళ్లు, బరువైన తల, పిండిలో ముంచి తీసినట్టు తెల్లని మూతి, చీపురుకట్టలా నిటారుగా నిలిచే జూలు. ఒళ్లంతా ఎండుగడ్డి రంగు. ఆ రంగు మీద, మెడ నుంచి తోక దాకా కాటుక వేలితో గీసినట్టు ఒకే ఒక నల్లచార.

మందకు ముందు శ్యామరేఖ అనే ముసలి ఆడగుర్రం నడిచేది. ఏ ఋతువులో నీరు ఎక్కడ ఉంటుందో ఆమెకు తెలుసు. అందరికీ వెనుక ధూసరుడనే మగగుర్రం నడిచేవాడు. బలంలో అతడికి సాటి లేదు. బలవంతుడు చివర ఉండాలన్నది ఆ జాతి కట్టుబాటు.

ఆ వేసవిలో ధూసరుడికి నిలకడ లేదు. మేస్తూ మేస్తూ తల ఎత్తేవాడు. గాలి మారితే చెవులు తిప్పేవాడు, మారకపోయినా తిప్పేవాడు. మడుగు అడుగంటింది. మంద ఇరుకైన కనుమ దాటి అవతలి ఏటికి చేరాలి. అతడి పిల్లకేమో ఇంకా కాళ్లు కుదరలేదు. తల్లి పక్కన తడబడుతూ అందరికన్నా వెనుకబడేది.

అటువంటి సమయంలో మృదువాక్కు అనే గుంటనక్క అతణ్ణి వెతుక్కుంటూ వచ్చింది.

"దొరా, ముఖమంతా దుమ్మేమిటి?"

"మంద వెనుక నడిచేవాడి మీద దుమ్ము కాక పన్నీరు చల్లుతారా?"

"అదే నా బాధ. పొరుగు బయళ్లలో నిన్ను గురించి నవ్వుకుంటున్నారు. ముసలమ్మ తోక చూసుకుంటూ బతుకుతాడట అంటున్నారు."

"ఎవరు?"

"పేర్లెందుకులే. ఇంకో మాట కూడా ఉంది. అది నా నోట రాదు."

"రానీ."

"నీ వీపు మీది చార గాడిద చారట. మీ మూలపురుషుడు గాడిదేనట. నేనైతే నమ్మలేదు."

ధూసరుడి ముందరి డెక్క నేలను గీరింది.

"ముందు నడిచేవాడి వంశం ఎవరూ అడగరు దొరా," అంది నక్క మెల్లగా. "వెనుక నడిచేవాడినే అడుగుతారు."

నక్క చెప్పనిది ఒకటి ఉంది. కనుమ మలుపులో కాచుకున్న తోడేళ్లతో అది అప్పటికే మాట కుదుర్చుకుంది. మగగుర్రాన్ని ముందుకు పంపడం నక్క వంతు. వరుసలో చివర వచ్చేదాన్ని పట్టడం తోడేళ్ల వంతు. తినగా మిగిలింది మళ్లీ నక్కకు. చివర వచ్చేది ఏ పిల్లో నక్క ముందే చూసి పెట్టుకుంది.

మర్నాడు ఉదయం మంద కనుమ ముఖం దగ్గర ఆగింది. ధూసరుడు శ్యామరేఖ దగ్గరకు వెళ్లాడు.

"అత్తా, ఈ రోజు నేను ముందు నడుస్తాను."

ముసలిది నమలడం ఆపలేదు. "దారి తెలుసా నాయనా?"

"కనుమలో దారి ఒక్కటే కదా."

"అదీ నిజమే. ఎవరు చెప్పారు నీకీ ఆలోచన?"

"ఎవరూ చెప్పలేదు."

పక్కన కూర్చున్న నక్క ఆకాశం వంక చూసింది. శ్యామరేఖ దాని దగ్గరకు నడిచి, పలకరిస్తున్నట్టు దాని మెడ దగ్గర మూతి పెట్టి, గాలి పీల్చి వెనక్కు వచ్చింది.

"సరే, నడువు. కానీ మన మందలో వెనుక చోటు ఖాళీగా ఉండకూడదు. నిన్ను అక్కడి నుంచి ఎవరు లేపారో వారే అక్కడ నిలబడాలి."

నక్క ఉలిక్కిపడింది. "నేనా పెద్దమ్మా? నాకంత అర్హత ఎక్కడిది?"

"దొరలకు చోట్లు చూపించే అర్హత ఉంది కదా. ఇది దానికన్నా చిన్నదే."

"నాకు దుమ్ము పడదు. చిన్నప్పటి నుంచీ దగ్గు."

"అయితే అబ్బాయి వెనుకే ఉంటాడు. నువ్వు వెళ్లిరా."

నక్క ఇరుకున పడింది. కాదంటే పన్నిన పన్నాగమంతా వృథా. మలుపు రాకముందే పక్కకు తప్పుకోవచ్చని మనసులో లెక్క వేసుకుంది. ఈలోగా ధూసరుడే అన్నాడు: "నా మేలు కోరినవాడివి. ఈ ఒక్క పూట నిలబడలేవా?"

"దొర మాట కాదంటానా," అని నక్క వెనక్కు నడిచింది.

పిల్లనూ తల్లినీ శ్యామరేఖ వరుస మధ్యకు పంపి, తాను ధూసరుడి వెంట నిలిచింది.

కనుమలో మొదట హాయిగానే ఉంది. ఎదురుగా దుమ్ములేని గాలి. కానీ కొంచెం దూరం పోగానే ధూసరుడికి ఏదో వెలితిగా తోచింది. ముందు రాయి, పైన ఆకాశం. ఒక్క వీపూ లేదు. ఇన్నేళ్లూ అతడు తనవాళ్లను ముఖాల్ని బట్టి కాదు, చారల్ని బట్టి ఎరుగును. ఒకదాని చార నడుము దగ్గర వెడల్పు, ఒకదానిది భుజం మీద తెగి ఉంటుంది, పిల్లది దారప్పోగంత సన్నం. ఇప్పుడు ఎవరున్నారో, ఎవరు లేరో తెలియదు. డెక్కల చప్పుడు రాళ్లకు తగిలి ఎవరిదెవరిదో తెలియకుండా కలిసిపోతోంది.

"అత్తా, పిల్ల వస్తోందా?"

"వస్తోంది."

నాలుగడుగులు వేశాడో లేదో మళ్లీ అడిగాడు. "వస్తోందా?"

"ముందు నడిచేవాడికి వీపులు కనబడవు నాయనా. ఆ చోటుకున్న కష్టం అదే."

అతడు గొంతు తగ్గించి అడిగాడు. "మన చార గాడిద చారా?"

"మా అమ్మ చెప్పింది వేరు. మొదట్లో మనకు చార లేదు, ఒళ్లంతా గడ్డి రంగే. తోడేలుకు కనబడేవాళ్లం కాదు, అది బాగుంది. తల్లికి పిల్ల కూడా కనబడేది కాదు, అది బాగాలేదు. ఒక ఎండాకాలం ధూళిలో ఒక పిల్ల తప్పిపోయింది. దొరకలేదు. ఆ తల్లి కాలిన గడ్డిలో పడి పొర్లితే వెన్నుకు మసి అంటింది. ఆ మసి తర్వాత పుట్టిన పిల్లలకు చారగా దిగింది, వెనుక వచ్చేవాడు చూసుకోవడానికి. గాడిదకూ ఉందంటావా, దానికీ పిల్లలుంటాయి కదా."

అప్పుడే వరుస చివర అరుపు లేచింది.

అంత మంద లేపిన దుమ్మంతా నక్క మీదే పడింది. మలుపు ఎప్పుడు వచ్చిందో దానికి కనబడలేదు. తోడేళ్లు కూడా ఆ దుమ్ములో ముఖం చూడలేదు. చివర వచ్చేది తమదన్న మాట ప్రకారం చివర ఉన్నదాని మీద దూకాయి.

"నేను మామా, నేను," అంటూ దగ్గుతోంది నక్క.

ధూసరుడు వెనక్కు తిరిగాడు. గుర్రాలు రాతిగోడకు ఒత్తుకుని దారి ఇచ్చాయి. పరుగెత్తుతూనే ఒక్కొక్క వీపూ చూసుకున్నాడు. దారప్పోగంత చార కనబడింది. పిల్ల క్షేమమే. దుమ్ములోకి దూకి వెనుక కాళ్లు విసిరాడు. ఒక తోడేలు రాతికి కొట్టుకుంది. మిగిలినవి నిలవలేదు.

నక్క లేచి నిలబడింది. తెగిన తోక మాత్రం దాని వెంట లేవలేదు.

"ఆలస్యంగా వచ్చావు దొరా."

"నా చోటుకు నేను తిరిగి రావడానికి ఆ మాత్రం పట్టింది. తోడేళ్లు నీకు మామలా?"

నక్క రాళ్ల మీదుగా పైకి పోయింది.

"దాని మెడ మీద తోడేలు వాసన ఉంది," అంది శ్యామరేఖ. "నేను నీకు ముందే చెప్పగలిగేదాన్నే. చెప్తే వినే స్థితిలో నువ్వు లేవు."

ధూసరుడు తల వంచి వరుస చివరకు వెళ్లాడు. సాయంత్రానికి మంద ఏరు చేరింది. అందరూ తాగాక అతడు తాగాడు. తాగుతున్నంతసేపూ అతడి చెవులు తిరుగుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం ఆ సన్నని చార మీద ఉన్నాయి.

నీతి: ఒకరిని వారి చోటు నుంచి కదిలించేవాడు ఆ చోట తాను నిలబడడానికి సిద్ధపడి ఉండాలి.