పోలవ్వ జిగురు

అనగనగా, మన తాతల తాతలకి ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, మూడు వాగులు దాటితే బద్దలపాడు అని ఒక ఊరు ఉండేది. ఊ కొట్టండి, చెబుతాను.

ఆ ఊళ్లో ముప్పై గడపలు. ముప్పై గడపల్లోనూ విల్లులు చేసేవాళ్లే. ఒకరు వెదురు బద్దలు చీలుస్తారు. ఒకరు నునుపు చేస్తారు. ఒకరు బద్ద మీద బద్ద పెట్టి అతికిస్తారు. అన్నిటికన్నా పైన, విల్లు లాగేవాళ్ల కంటికి ఎదురుగా ఉండే వైపు, తెల్లెద్దు కొమ్ము పొర వేస్తారు. ఆ కొమ్మును ఎంత పల్చగా గీకుతారంటే, దాని వెనకాల వేలు పెడితే వేలి గీతలు లెక్కపెట్టొచ్చు.

ముప్పై గడపలకీ జిగురు కాచేది మాత్రం ఒక్కతే. పోలవ్వ. తోలు ముక్కలు గుంటలో నానేసి, కుండకెత్తి మూడు రోజులు కాచేది. ఆ కంపు మూడు వాగులూ దాటి పోయేది. ఆమె వీధిలోకి వస్తే చాలు, కేకలే.

"పోలి వస్తోంది, ముక్కులు మూసుకోండర్రా!"

పోలవ్వ నవ్వేది. "మూసుకోండి, మూసుకోండి. విల్లు లాగేటప్పుడు మాత్రం తెరవండి, ఊపిరి కావాలి కదా!"

పండగ బంతిలో ఆమె విస్తరి అందరికన్నా చివర, గాలి వాలున వేసేవాళ్లు. ఆమె తిని, విస్తరి తీసుకుని వెళ్లిపోయేది. అక్కడ మాత్రం నవ్వేది కాదు.

ఇలా ఉండగా ఒకనాడు కొండమీది దొరగారి కూతురు, చిన్నదొరసాని, ఆ ఊరికి వచ్చింది. ఊరి పెద్ద మేస్త్రి ఎర్రపోతును పిలిచింది.

"మేస్త్రీ, నాకొక విల్లు చెయ్యి. అందులో అందమైనదేదో ఉండాలి. నా కంటికి కనపడాలి, ఎవరి చేతికీ తగలకూడదు. వానకి తడవకూడదు, చెమటకి చెరగకూడదు."

"అదెంత పని తల్లీ! కొమ్ము పొర కింద పెడితే సరి."

"నూటొక్క బాణాలు వేసి చూస్తాను. పొర లేవకుండా ఉంటేనే తీసుకుంటాను."

ఎర్రపోతు మేస్త్రి మొదటి విల్లుకి పొర కింద బంగారు రేకు పెట్టాడు. విల్లు ధగధగా మెరిసింది. చిన్నదొరసాని బాణాలు వేస్తుంటే ఊరంతా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదో బాణానికి టప్పుమంది. పొర లేచింది.

"జిగురు చెడింది!" అన్నాడు మేస్త్రి.

పోలవ్వ లేచిన పొరను తిప్పి చూసింది. కొమ్ముకి జిగురు ఉంది. వెదురుకీ ఉంది. రేకు మాత్రం పొడిగా మెరుస్తోంది. "మేస్త్రీ, బంగారం జిగురు తాగలేదు. తాగితేనే అంటుకుంటుంది."

"తోళ్లు ఉడకేసుకునేదానివి, బంగారానికి వంక పెడతావా?"

రెండో విల్లుకి నెమలీక పెట్టాడు. కళ్లు తిప్పుకోలేనంత అందం. ఒకటి, రెండు, మూడు... ఇరవై ఏడో బాణానికి టప్పుమంది. పొర లేచింది.

"మళ్లీ జిగురే!" అన్నాడు మేస్త్రి.

"ఈకకి నూనె ఉంటుంది మేస్త్రీ. నెమలి మీద వాన నిలవదు, చూడలేదా? వాననే తాగనిది జిగురేం తాగుతుంది? తాగితేనే అంటుకుంటుంది."

మేస్త్రికి మండిపోయింది. "రెండుసార్లు ఊరి పరువు తీశావు. మూడోసారి లేచిందా, నీ కుండ బోర్లించు. పొయ్యి ఆర్పు. మూడు వాగులూ దాటిపో!"

పోలవ్వకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నది ఆ కుండే. అది వాళ్లమ్మ కాచిన కుండ. ఆ పొయ్యి వాళ్లమ్మమ్మ వేసిన పొయ్యి. వెళ్లి తన గుంట గట్టున కూర్చుంది. నీళ్లలోకి చూస్తూ ఉంది.

నీళ్లలో ఏదో తెల్లగా తేలుతోంది. ఎప్పుడో రాలిన రావి ఆకు. తోళ్లతో పాటు నాని నాని, కండంతా కరిగిపోయి, ఈనెలు మాత్రమే మిగిలాయి. పోలవ్వ దాన్ని కడిగి ఎండకి ఎత్తి పట్టుకుంది. సన్నటి వలలా ఉంది. ప్రతి కంతలోంచీ ఎండ జారి ఆమె మొహం మీద పడింది.

"ఎండ దూరినప్పుడు జిగురు దూరదా!" అంది పోలవ్వ. గుంటంతా కలియబెట్టింది. పదకొండు ఆకులు దొరికాయి. చిరగనివి మూడు.

"మేస్త్రీ, మూడోది నన్ను పెట్టనీ."

"ఏం పెడతావ్?"

"ఆకు."

"ఏ ఆకు?"

"కుళ్లిన ఆకు."

ఊరంతా పగలబడి నవ్వింది. "కుండ ఎలాగూ పోయేదేగా, పెట్టుకో!" అన్నాడు మేస్త్రి.

పోలవ్వ పొగపెట్టిన నల్లటి వెదురు బద్ద తీసుకుంది. పిడికి పైన ఒక ఆకు, పిడి దగ్గర ఒకటి, పిడికి కింద ఒకటి పరిచింది. వేడి జిగురు పోసింది. అది ప్రతి కంతలోకీ దిగేదాకా చూసి, కొమ్ము పొర వేసి తాడు బిగించింది. తొమ్మిది రోజులు ఆరనిచ్చింది. తర్వాత వేలి కణుపుతో మూడుసార్లు కొట్టింది. టక్, టక్, టక్. ఎక్కడా డొల్ల చప్పుడు లేదు.

"తాగింది," అంది.

చిన్నదొరసాని విల్లు అందుకుని అలా చూస్తూ ఉండిపోయింది. నల్లటి నేల మీద బంగారు దారంతో కుట్టినట్టుంది. "అవ్వా, ఇది ఎవరు నేశారు?"

"నీళ్లు నేశాయి తల్లీ."

ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దాటింది. ఇరవై ఏడు దాటింది. మేస్త్రి వేళ్లు మడిచాడు. "తొమ్మిదికి మూడింతలు ఇరవై ఏడు. దానికి మూడింతలు ఎనభై ఒకటి. ఎనభై ఒకటిన లేస్తుంది, చూడండి!"

డెబ్భై తొమ్మిది. ఎనభై. ఎనభై ఒకటి.

టప్!

ఊరంతా బిగుసుకుపోయింది. పోలవ్వ కళ్లు మూసుకుంది.

"చెప్పానా!" అన్నాడు మేస్త్రి.

చిన్నదొరసాని తన మణికట్టు చూసుకుని కిలకిలా నవ్వింది. "పొర కాదు మేస్త్రీ! నారి తగిలి నా గాజు చిట్లింది!"

ఇక చూడండి, ఎనభై రెండు నుంచి ఊరు అరిచిన అరుపుకి కొండమీద దొరగారు లేచి నిలబడ్డారట. నూటొక్కటో బాణం వెళ్లి గురికి నాటుకుంది. పొర చెక్కు చెదరలేదు.

ఆ పూట విందులో ఎర్రపోతు మేస్త్రి లేచాడు. బంతి చివర ఉన్న విస్తరి తన చేత్తో తెచ్చి మొదట వేశాడు. "ఇక్కడ కూర్చో, పోలవ్వా." ఆయన అవ్వా అనడం అదే మొదలు.

"గాలి ఇటే కొడుతోంది మేస్త్రీ!" అన్నారెవరో.

"కొట్టనీ!"

"ముక్కు మూసుకుంటే ముద్దెలా మింగుతారర్రా?" అంది పోలవ్వ. ఆ రోజు బంతిలో ఆమె నవ్వింది.

పోలవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ముగ్గురు ఆడపిల్లలకి జిగురు కాచడం నేర్పింది. ఆమె పోయినా కుండ బోర్లించలేదు.

ఇప్పుడు కొమ్ము పొర పోయి తేటగా ఉండే ఫైబర్‌గ్లాస్ పట్టీ వచ్చింది. దాని కింద ఆకు పెడతారు, నేత గుడ్డ పెడతారు, పాము కుబుసం పెడతారు. ఏది పెట్టినా, ఆరాక వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి అడుగుతారు: "పోలవ్వా, తాగిందా?" జిగురు కలిపినవాళ్లు "తాగింది" అంటేనే ఆ విల్లుకి నారి కడతారు.

విందులో మొదటి విస్తరి కూడా జిగురు కలిపినవాళ్లదే. మొదటి ముద్దకి ముందు పిల్లా పెద్దా అందరూ ఒక్కసారి ముక్కు మూసుకుంటారు. ఎవరైనా మరిచిపోయి ముద్ద ఎత్తితే పెద్దవాళ్లు కసురుతారు:

"ముందు పోలవ్వకి దండం పెట్టుకోరా!"