దేవుడి ముంత

సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో బియ్యానికి రెండు పాత్రలు ఉండేవి. ఒకటి రేకు డబ్బా. అది ఇంటివాళ్ళది. రెండోది మట్టి ముంత. అది దేవుడిది.

ఆ పల్లెలో ప్రభువును నమ్ముకున్న ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఇల్లాలు పొయ్యి మీదికి బియ్యం కొలుచుకున్నాక అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి ముంతలో వేస్తుంది. వారమంతా అలా చేరిన బియ్యాన్ని ఆదివారం ఉప్పుటేరు దాటి, అవతల ఉన్న గుడికి మోసుకెళ్ళి పోస్తుంది. ఆ బియ్యంలో కొంత గుడి పాస్టరు అయ్యగారింటికి పోయేది. మిగిలింది పొయ్యి వెలగని ఇళ్ళకు పోయేది. ఈ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని గురించి ఎవరూ ఆలోచించరు, అదే దానితో చిక్కు.

మన ఇల్లాలి పిడికిలి పెద్దది. దేవుడి దగ్గర వేళ్ళు ముడుచుకునే రకం కాదు. ముంతను గోడ గూట్లో పెట్టి, మీద శుభ్రమైన గుడ్డ కప్పేది. వారం వారం కడిగి ఎండబెట్టేది. డబ్బాకి అంత భాగ్యం లేదు. అది పొయ్యి పక్కన నేల మీద ఉండేది. దాని మూతకి తుప్పు పట్టింది.

"చూశావా, నా మీద చెయ్యి వెయ్యాలంటే అందరికీ భయమే," అనేది ముంత.

"నా మీద చెయ్యి వెయ్యని రోజున అందరికీ పస్తే," అనేది డబ్బా.

ముంతకి ఆ జవాబు మోటుగా తోచేది. దేవుడి పక్కన కాపురం ఉన్నవాళ్ళకి మామూలు మాటలు అలాగే తోస్తాయి.

ఆ ఇంటి గోడకి ఆనుకుని ఇంకో ఇల్లు ఉంది. రెండిళ్ళకీ గోడ ఒక్కటే. రెండిళ్ళ మగాళ్ళకీ పడవ ఒక్కటే. పక్కింట్లో ఉండేది వయసులో చిన్నామె. ఒళ్ళో పాలు తాగే మగపిల్లవాడు. ఆమె మన ఇల్లాల్ని అక్కా అని పిలిచేది. ఏం కూర వండినా పెరటి గోడ మీదుగా గిన్నె ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ నడిచేది.

మగాళ్ళిద్దరూ వేటకి వెళ్ళిన వారంలో గాలివాన పట్టింది. వాన వెలిసింది గాని పడవ రాలేదు. ఉప్పుటేరు పొంగి కట్టను మింగేసింది. అవతలి గుడికి పోవడానికి లేదు. అవతలి నుంచి సరుకులు రావడానికి లేదు. వెళ్ళగలిగినవాళ్ళు గాలి మొదలవకముందే మెట్ట ఊళ్ళల్లోని చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయారు. సముద్రం మీద మనిషి ఉన్న ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. వాళ్ళు ఒడ్డున కూర్చుని నీళ్ళ చివర దాకా చూసేవాళ్ళు. కళ్ళు మండి ఇంటికి వచ్చేవాళ్ళు.

ఒక సాయంత్రం మన ఇల్లాలు గూటి ముందు మోకరించింది. ముంత మీద చెయ్యి వేసి మొక్కుకుంది.

"ప్రభువా, ఆయన తిరిగొచ్చిందాకా ఇందులో గింజ ముట్టను. ఆయన చేత్తోనే దీన్ని మోయిస్తాను. నా మొగుణ్ణి నాకియ్యి."

గాలివానకి ముందటి ఆదివారం అయ్యగారు సారెపతు విధవరాలి కథ చెప్పారు. కరువులో ఆమె తొట్టిలో మిగిలింది పట్టెడు పిండి. దాన్ని తనూ కొడుకూ తిని చచ్చిపోదామనుకుంది. ఆ పిండితో ముందు దైవజనుడికి అప్పం చేసి పెట్టింది. ఆ తర్వాత ఆమె తొట్టిలో పిండి తరగలేదు. ఈ కథలో మన ఇల్లాలి మనసులో నిలిచిపోయినవి రెండే. ముందు దేవుడిది. ఆ తర్వాత పిండి తరగలేదు. ఊరి ద్వారం దగ్గర ఆ విధవరాల్ని అప్పం అడిగినవాడు ఆకలిగొన్న మనిషన్న సంగతి మాత్రం ఎందుకో జారిపోయింది.

మొక్కు తర్వాత కూడా ఆమె పిడికెడు తియ్యడం మానలేదు. డబ్బా సగానికి వచ్చింది, పావుకి వచ్చింది. అన్నం మానేసి జావకి దిగింది. జావకి కొలిచిన బియ్యంలోంచి కూడా దేవుడి వంతు తీసింది. కాచిన జావలో సగం గోడ అవతలికి పంపింది. ఆమెను పిసినారి అంటే కళ్ళు పోతాయి. చిన్నామె ఏం తాగిందో తనూ అదే తాగింది.

చివరికి ఒక ఉదయం డబ్బా అడుగు గీకింది. ఆ చప్పుడు గోడ అవతలికి వినిపించింది.

మర్నాడు చిన్నామె పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గడపలోకి వచ్చింది.

"అక్కా, డబ్బాలో ఏమన్నా ఉండాయా?"

"నిన్నే అడుగు గీకేశా కదమ్మా. నీకు పోసిందే నేనూ తాగా."

చిన్నామె చూపు మెల్లగా గూటి మీదికి పోయింది.

"ఒక్క పిడికెడు పెట్టక్కా. జావ కాచుకుంటా. పాలు పడటంలా. పిల్లోడు చీకి చీకి ఏడస్తన్నాడు."

"అయ్యి దేవుడియ్యి."

"తెలుసు. దేవుణ్ణే అడుగుతున్నాననుకో."

ఇల్లాలు లేచి గూటికి అడ్డంగా నిలబడింది. ఆమె కడుపూ ఖాళీయే.

"మొక్కుకున్నానమ్మా. ఆయన వచ్చిందాకా గింజ ముట్టనని చెప్పా. వెనకటికి ప్రభువుకి ఇస్తామని చెప్పి దాచుకున్న మొగుడూ పెళ్ళాలు అక్కడికక్కడే పడి చచ్చారని గుళ్ళో వినలా? ఇప్పుడు ముడితే ఆ పడవేమవుద్ది? నా మొగుడొక్కడే కాదు, నీ మొగుడూ అందులోనే ఉండాడు. ఇద్దరి కోసమే కాచుకుని కూచున్నా."

చిన్నామెకీ అదే భయం. పిడికెడు బియ్యానికి మొగుడి ప్రాణం అమ్ముకోవడానికి ఆమెకూ చేతులు రాలేదు. ముంత వంక ఒకసారి చూసి, పిల్లవాడి వీపు నిమురుతూ వెళ్ళిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఆ పూట ఒకే తప్పు చేశారు. ఒకరు ఇవ్వలేదు, ఒకరు లాక్కోలేదు.

ఆ తర్వాత గోడ అవతల ఏడుపు ఆగలేదు. మొదట గట్టిగా ఉండేది. తర్వాత పిల్లికూన అరుపులా సన్నగా వచ్చింది. ఇల్లాలు చెవులు మూసుకుని ప్రార్థన చేసేది. చెవులు మూసుకుని చేసే ప్రార్థనలో మన గొంతు మనకి చాలా పెద్దగా వినిపిస్తుంది.

ముంతకి చెవులు మూసుకునే వీలు లేదు. దాని గర్వం ఎప్పుడు పోయిందో దానికే తెలియదు. అంచుదాకా ఉన్న బియ్యం ఇప్పుడు దానికి రాళ్ళలా బరువనిపించింది.

"నన్ను కాస్త కిందికి తోసెయ్యి," అంది డబ్బాతో. "పగిలిపోతాను. చెల్లాచెదురైన గింజల్ని ఎవరో ఒకరు ఏరుకుంటారు."

"నాకు చేతులేవీ?" అంది డబ్బా. "చేతులున్నవాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు."

ఒక మధ్యాహ్నం ఏడుపు ఆగిపోయింది.

పిల్లవాడికి కన్ను అంటుకుందనుకుంది ఇల్లాలు. ప్రభువు కనికరించాడని కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది. ఆ స్తోత్రం పూర్తి కాకుండానే గోడ అవతల తల్లి గొంతు లేచింది.

పిల్లవాణ్ణి సరుగుడు తోట పక్కన ఇసుకలో పెట్టారు. అయ్యగారు లేరు కనుక ఇల్లాలే ప్రార్థన చేసింది. గొయ్యి కూడా తన చేతుల్తోనే తవ్వింది. చిన్నామె తిట్టలేదు. తిడితే ఇల్లాలికి కొంత తేలికయ్యేది. ఇంటికి వచ్చి చిన్నామె తలుపు వేసుకుంది. ఇల్లాలు గూటి దగ్గరికి వెళ్ళి ముంత మీది గుడ్డ తీసింది. చాలాసేపు బియ్యం వంక చూసింది. ఇప్పుడు ముడితే ఆ బిడ్డ ఊరికే పోయినట్టవుతుంది అనుకుంది. గుడ్డ మళ్ళీ కప్పేసింది. తప్పు చేసినవాడికి ఆ తప్పు చాలా ప్రియమైపోతుంది, అంత ఖరీదు పెట్టాక వదులుకోలేడు.

ఆ తర్వాత పడవ వచ్చింది.

దాన్ని వేరే రేవు పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. ఆడవాళ్ళు నడుం లోతు నీళ్ళల్లోకి పరుగెత్తారు. మన ఇల్లాలి మొగుణ్ణి ఇద్దరు పట్టుకుని దించారు. అతని పెదాలు చీలి ఉన్నాయి. ఇల్లాలు రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం అని అరిచింది. ఆ క్షణాన ఆమెకి సంతోషం తప్ప ఇంకేమీ లేదు. నా మొక్కు నా మొగుణ్ణి తెచ్చింది అనుకుంది. తర్వాత పడవ వంక చూసింది. ఇంకెవరూ దిగలేదు.

అతన్ని ఇంటికి తెచ్చి కూర్చోబెట్టారు. అతను నీళ్ళు తాగాడు. తాగుతూ ఏడ్చాడు.

"ఇంజను చెడి కొట్టుకుపోయాం," అన్నాడు. "కూడైపోయింది. ఉన్న నీళ్ళు క్యాను మూతతో కొలుచుకుని తాగాం. నాకు జొరం పట్టింది. వాడు తన మూత కూడా నా నోట్లోనే పోసేవోడు. వద్దురా అంటే వినలా."

"ఎందుకు పోశాడు?" అంది ఇల్లాలు.

"నేనూ అదే అడిగా. ఒరే, నీకు పెళ్ళాం పిల్లోడూ ఉండారు గదరా అన్నా. వాడు నవ్వాడు. 'నేను పోయినా వాళ్ళకి పస్తుండదులేరా. గోడ అవతల్నే దేవుడి ముంతుంది గదా' అన్నాడు. మర్నాడు లేవలా." అతను తుండుతో ముఖం తుడుచుకున్నాడు. "పిల్లోడెట్టా ఉండాడు? వాణ్ణి ముందు చూడాలి నేను."

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు తలలు దించుకున్నారు.

"లేడు," అంది ఇల్లాలు.

"ఏమైంది? ఏం జబ్బు?"

జబ్బు పేరు ఏదో ఒకటి చెప్పవచ్చు. అక్కడున్నవాళ్ళెవరూ కాదనరు. ఆమె కాసేపు ఆ పేరు కోసం వెతుక్కుంది కూడా.

"ఆకలి," అంది.

అతను ఆమె వంక చూశాడు. తర్వాత గూటి వంక చూశాడు. ముంత మీద గుడ్డ తెల్లగా ఉంది. అతను లేచాడు, గోడ పట్టుకుని నడిచాడు, గుడ్డ తీశాడు. అంచుదాకా ఉన్న బియ్యం చూసి ఏమీ అనలేదు. ఒక్క మాటన్నా అనాలని ఆమె కోరుకుంది. అతను ముంతను చంకకెత్తుకున్నాడు. మొక్కు ప్రకారం దాన్ని మోసింది అతనే. కానీ ఏటి వైపు వెళ్ళలేదు. గుమ్మం దిగి పక్కింటికి వెళ్ళి తలుపు తట్టాడు. ఇల్లాలు అతని వెనకే నడిచింది.

చిన్నామె తలుపు తీసింది. అతన్ని చూసింది. అతని భుజం మీదుగా వెనక ఇంకో మనిషి కోసం చూసింది. అక్కడ తన అక్క ఒక్కతే ఉంది. అతను నోరు తెరవకముందే ఆమెకి అంతా తెలిసిపోయింది. అయినా అతను చెప్పాడు. నీళ్ళ సంగతి చెప్పాడు, మూత సంగతి చెప్పాడు, వాడు చివర అన్న మాట చెప్పాడు. ముంతను ఆమె ముందు పెట్టి నేల మీద కూలబడ్డాడు.

చిన్నామె ఏడవలేదు. ఆమె దగ్గర ఏడుపు అప్పటికే అయిపోయింది. గోడకి ఆనుకుని కూర్చుంది.

"బావా," అంది. "నువ్వు కూడు తిని ఎన్నాళ్ళయింది?"

అతను చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

ఆమె లేచింది. ముంతలో బియ్యమంతా గిన్నెలోకి వంచింది. ముంతకి ఎన్నో రోజుల తర్వాత ఒళ్ళు తేలికైంది, కానీ దానికి సంతోషం కలగలేదు. ఆమె బియ్యం కడిగి ఎసట్లో వెయ్యబోతూ ఆగింది. గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి, ఖాళీ ముంతలో వేసింది.

గడప అవతల నిలబడ్డ ఇల్లాలు అది చూసింది.

"ఇంకా దేవుడికా అమ్మా?" అంది. "నీకింత జరిగాక కూడానా?"

"ఎవరన్నా ఆకలని వస్తారు గదక్కా," అంది చిన్నామె, పొయ్యి ఊదుకుంటూ.

ఇల్లాలు గడప దాటి లోపలికి రాలేదు, వెనక్కీ వెళ్ళలేదు. డబ్బా అడుగు గీకిన నాటి నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు.