తిప్పక్క చెలమ

ఎద్దులకు మాటలొచ్చిన కాలమో, మనుషులకు ఇంకాస్త సిగ్గున్న కాలమో సరిగ్గా చెప్పలేను గానీ, అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో తిప్పక్క అనే ముసలమ్మ. కూలికి పోతే కూడు, లేకుంటే లేదు. కొడుకు గొర్రెలు తోలుకొని మేత కోసం దూరదేశం పోయాడు. ఇంట్లో కోడలు సుంకమ్మ, నిండు చూలాలు.

ఒక ఏడు వాన రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. మూడో ఏడు మబ్బే రాలేదు. బావులెండాయి, ఏరెండింది. ఏడుద్దామంటే కళ్ళల్లోనూ తడి లేదు.

ఊరిపెద్ద ఈరన్న అందరినీ పిలిచాడు. "కప్పతల్లిని ఊరేగిద్దాం. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుదాం. తలా ఒక చెంబు నీళ్ళు పోస్తే వానదేవుడు కరుగుతాడు. అప్పటికీ కరక్కపోతే బండ్లు కట్టుకొని పోదాం. యాడ నీళ్ళుంటే అదే మన ఊరు."

సుంకమ్మను కదిలిస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదని మంత్రసాని తిప్పక్కకు ముందే చెప్పింది.

కప్పను పట్టి తెచ్చే పని ఎవరికీ పట్టలేదు. ఎవరికీ పట్టని పని ఎప్పుడూ తిప్పక్కదే. పారా గంపా తీసుకొని ఊరంతా వెతికింది. కప్ప లేదు. చివరికి ఏటి మలుపులో ఇసుక తవ్వితే, మోచేతి లోతున ఒక కప్ప ముడుచుకొని పడుకొని ఉంది. పట్టబోయి చెయ్యి ఆపింది. దాని పొట్ట కింద ఇసుక చల్లగా తగిలింది.

"నువ్వూ నీళ్ళకే వచ్చినావా తల్లీ? అయితే పద, ఇద్దరం పోదాం," అని దాన్ని నీడన పెట్టి తవ్వడం మొదలుపెట్టింది.

మొదట ఈరన్న వచ్చాడు. "కప్పను తెమ్మంటే గుంత తవ్వుతాండావేమి తిప్పక్కా?"

"కప్ప ఉండాదిలే. దాని మీద పొయ్యను మన ఇండ్లల్లో నీళ్ళుండాయా?"

ఈరన్న మీసం దువ్వుకొని, "నీ గుంతలో ఉండాయా?" అన్నాడు.

"ఇంగా రాలేదు."

తర్వాత ఆడవాళ్ళొచ్చారు. అప్పటికే గుంత గోడలు కూలడం, తిప్పక్క మళ్ళీ ఎత్తిపొయ్యడం, మళ్ళీ కూలడం. ముసల్దానికి మతి పోయిందని నవ్వుకున్నారు. "అత్తా, నీళ్ళు కనపడినాయా?"

"ఇంగా రాలేదు."

కప్ప ఊరేగనూ లేదు, వాన రానూ లేదు. ఆఖరికి బండ్లు కట్టారు. ఈరన్న గుంత గట్టు మీదికొచ్చి, "ఎద్దుల్ని పూన్చినాం. సుంకమ్మను ఎక్కించు," అన్నాడు.

"ఎక్కించను."

"మొండిదానా! నీళ్ళుండాయా?"

తిప్పక్క అరచేతులు పగిలి నెత్తురు కారుతోంది. "ఇంగా రాలేదు. వస్తాయి."

ఆ మాట నోట్లో ఉండగానే ఇసుక గోడ జారి నడుము దాకా ఆమెను కప్పేసింది. ఈరన్న లోపలికి దూకాడు. లాగాడు, లాగాడు, లాగుతూ ఆగిపోయాడు.

"తిప్పక్కా," అన్నాడు కిందికి చూస్తూ. "నా కాళ్ళు తడిసినాయి."

ఇసుకలోంచి బయటపడిన తిప్పక్క, కొంచెం కొంచెంగా ఊరిన నీళ్ళల్లో మొదటి దోసిలి కప్ప మీద పోసింది. రెండో దోసిలి కళ్ళకద్దుకుంది. తర్వాత కడవ నింపి సుంకమ్మకు పంపింది. ఎద్దుల మెడల మీంచి కాడి దిగింది. ఆ నీళ్ళతోనే మనవరాలికి తొలి స్నానం పోశారు.

వానలు మళ్ళీ కురిశాయి. ఏరు పారిన ప్రతిసారీ ఆ నీళ్ళ గుంత, అదే తిప్పక్క చెలమ, ఇసుకతో పూడేది. ఎండాకాలం రాగానే తిప్పక్క పోయి తవ్వేది. ఒక చలికాలం ఆమె కన్నుమూసింది. ఆ ఎండాకాలం జనం గట్టు మీద నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుంకమ్మ కొంగు బిగించి, పార పట్టుకొని దిగింది. ఆమె వెనకాల ముసలి ఈరన్న దిగాడు. ఆ తర్వాత గట్టు మీద ఎవరూ మిగల్లేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కప్పతల్లిని రోకలికి కట్టరు. గంపలో ఊరేగించి ఏటి ఇసుకలో వదిలేస్తారు. ఇంటికొకరు పార పట్టుకొని దిగుతారు. ఎంత తవ్వినా తడి తగలకపోతే, 'నీళ్ళు లేవు' అనే మాట మాత్రం ఎవరి నోటా రాదు. కావాలంటే పోయి అడగండి. "ఇంగా రాలేదు," అంటారు. అని, మళ్ళీ పార ఎత్తుతారు.