నీటిమరలో బూడిదరంగు తవుడు

పిండి కావాలంటే రెక్కలు నొప్పెట్టక తప్పని కాలంలో, రాగిపురమనే పట్నంలో సూరమ్మ ఉండేది. రాజుగారి జొన్నలు తిరగళ్ళలో విసిరే నలభై మంది ఆడవాళ్ళకు ఆమె పెద్ద.

ఒకనాడు కాచన అనే వడ్రంగి ఏటి ఒడ్డున నీటిమర కట్టాడు. ఏరు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం, ఉలితో కొత్తగా గంట్లు పెట్టిన తిరగలి రాయిని తిప్పుతుంది. నలభై మంది రోజంతా విసిరే జొన్నలు ఒక్క పూటలో పిండి అవుతాయి.

"మనిషి చెయ్యి పడకుండా తిరుగుతోందంటే లోపల దయ్యముంది," అంది ఎర్రక్క, సూరమ్మ పక్కన కూర్చుని విసిరే మనిషి. "రేపో మాపో బలి అడుగుతుంది."

సూరమ్మకూ అనుమానమే. ఆమెకు తన అనుమానం మీద కూడా అనుమానమే. వెళ్ళి చక్రం ముందు ఒక పూటంతా కూర్చుంది. కాచన తూము మూస్తే చక్రం ఆగింది. తెరిస్తే తిరిగింది.

"దయ్యం కాదే, నీళ్ళు," అంది తిరిగొచ్చి.

వారం తిరక్కుండా ఇంకో మాట పుట్టింది. మర ఏటిని తాగేస్తోందట. దిగువ పొలాలు ఎండుతాయట. సూరమ్మ మరకు ఎగువన ఒక కర్ర, దిగువన ఒక కర్ర పాతి, నీళ్ళు తాకేచోట దారాలు కట్టింది. మూడు రోజులు చూసింది. రెండు దారాలూ తడిగానే ఉన్నాయి, దిగువన నీళ్ళు తగ్గలేదు.

"ఆ వడ్రంగి నీకేమన్నా మేనమామ కొడుకా సూరక్కా?" అంది ఎర్రక్క.

"మేనమామ కొడుకైతే ఇంకా ఎక్కువ అనుమానించేదాన్ని."

మూడోది మాత్రం పుకారు కాదు. మరలో విసిరిన తొలి పిండితో చేసిన రొట్టెలు పళ్ళ కింద కరకరమన్నాయి. పిల్లలకు కడుపునొప్పి పట్టుకుంది. సూరమ్మ చిటికెడు పిండి నాలుక మీద వేసుకుంది. రాతిపొడి!

కొత్తగా గంట్లు పెట్టిన తిరగలిలో ముందు తవుడు విసిరి పారబోస్తారు. రాతిపొడి ఆ తవుడుతో పోతుంది. ఇది విసిరే ప్రతి ఆడదానికీ తెలుసు. తిరగలి ముందు ఏనాడూ కూర్చోని కాచనకు తెలియదు. అతను ఎవరినీ అడగనూ లేదు.

మర్నాడు రాజుగారు మర దగ్గరికి వచ్చారు. జనం గొడ్డళ్ళతో వచ్చారు.

"విషం పిండి! పగలగొట్టండి!" అని అరిచారు.

"మరలో ఏ లోపమూ లేదు ప్రభూ," అన్నాడు కాచన. "ఆ విసిరే ఆడవాళ్ళే జొన్నల్లో ఇసుక కలిపి ఉంటారు."

ఎర్రక్క సూరమ్మ చెవిలో, "నోరు మెదపకక్కా," అంది. "మధ్యాహ్నానికి మర ముక్కలవుతుంది. మన పని మనకుంటుంది."

నిజమే. ఊరుకుంటే చాలు. కానీ తెలిసి ఊరుకుంటే, రేపు తన నోటి మాటను తానే నమ్మలేకపోతుంది.

"ప్రభూ, మూడు బుట్టల తవుడు ఇప్పించండి," అంది సూరమ్మ.

మొదటి బుట్ట మరలో పోస్తే తవుడు బూడిదరంగులో బయటికొచ్చింది. రెండోది కాస్త తేటపడింది. మూడోది పోసింది పోసినట్టే వచ్చింది. అప్పుడు జొన్నలు పోయించి, ఆ పిండితో రొట్టె కాల్పించి రాజుగారికి ఇచ్చింది. రాజుగారు నమిలారు. కరకర లేదు. కాచన తల దించుకున్నాడు.

"అయితే ఇక మరను నమ్మవచ్చునా?" అన్నారు రాజుగారు.

"వద్దు ప్రభూ. ప్రతి వాయీ మాలో ఒకరు నోట్లో వేసుకుని చూశాకే పిండి బయటికి పోవాలి."

"అందుకు నలుగురు చాలరా?"

"చాలు. నలుగురు చొప్పున నలభై మందిమీ వంతులు వేసుకుంటాం. కూలి గింజలు మాత్రం ఎప్పటిలాగే అందరికీ ఇప్పించండి."

రాజుగారు చేతిలోని రొట్టెను చూశారు. జనం చేతుల్లోని గొడ్డళ్ళను చూశారు. సరేనన్నారు.

మొదటి వంతు నలుగురిలో ఎర్రక్క ఉంది. పిండి నోట్లో వేసుకుని, బాగుందంది. వెళ్తూ వెళ్తూ చక్రం కిందికి ఒకసారి తొంగి చూసింది.

కొత్తదాన్ని అనుమానించడం తప్పు కాదు, దగ్గరికి వెళ్ళి చూడకుండా ఆ అనుమానాన్ని పెంచుకోవడమే తప్పు.